అడ్రసు చెప్పని డ్రైవరు

సన్మానం మూడు గంటలకైతే డ్రైవరక్క వాళ్ళాయన పన్నెండింటికే తయారై కూర్చున్నాడు. ఆయన దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా అందరి పెళ్ళిళ్ళకీ ఉద్యోగాలకీ కోట్లు కుట్టినవాడు, తనకంటూ ఒక్కటీ కుట్టుకోలేదు. ఈ కబురు తెలిసిన మర్నాడే బూడిద రంగు గుడ్డ తెచ్చి కత్తెర పట్టాడు.

"సన్మానం నాకా, మీ కోటుకా?" అంది ఆవిడ.

"నీకు చప్పట్లు, నాకు చూపులు. చెరి సగం," అన్నాడాయన.

ఆవిడకి యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపింది. ఆ ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కాలు నిలవక, గ్రంథాలయం గోడ మీద "వారానికి రెండు రోజులు డ్రైవరు కావాలి, జీతం లేదు" అన్న కాగితం చూసి వెళ్ళింది. అది జరిగి ఆరేళ్ళు. రెండు రోజులు కాస్తా ఏడు రోజులయ్యాయి. మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిని ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడే ఆడవాళ్ళనీ, వాళ్ళ పిల్లల్నీ ఆసుపత్రి దగ్గరో, బస్టాండులోనో, ఒక్కోసారి వాళ్ళ పెరటి గుమ్మం దగ్గరో ఎక్కించుకుని తలదాచుకునే చోటికి చేర్చడం ఆవిడ పని. ఆ చోటుకి బోర్డు లేదు. పనిచేసేవాళ్ళంతా దాన్ని 'ఇల్లు' అంటారు, అంతే. అది ఏ వీధో కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదని షరతు. మొదట్లో దర్జీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

"నాకు చెబితే ఏం కొంప మునుగుతుందే?"

"మీకు నిద్రలో మాట్లాడే అలవాటుంది," అనేది ఆవిడ. ఆరేళ్ళయినా ఆయనకి తెలియదు.

హాలు వెనక వ్యాను ఆపి ఇద్దరూ లోపలికి వెళ్ళేసరికి కుర్చీలు సగం నిండాయి. ఆ రోజు సన్మానం నలుగురికి. ఇల్లు నడిపే కౌన్సెలర్ మేడం, దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కట్టే నర్సమ్మ, ఫీజు తీసుకోకుండా కోర్టులో నిలబడే లాయరమ్మ, నాలుగో మనిషి డ్రైవరక్క. గుమ్మం దగ్గర నిర్వాహక సంఘం కార్యదర్శి వచ్చినవాళ్ళందరికీ రంగుల పుస్తకం ఒకటి చేతిలో పెడుతున్నాడు. డ్రైవరక్క తెరిచి చూసింది. మూడో పేజీలో తనే. వ్యాను పక్కన నిలబడి నవ్వుతోంది. బండి నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. కింద నాలుగు వాక్యాలు, అందులో భర్త దర్జీ అనీ, బజారు వీధిలో దుకాణమనీ.

కౌన్సెలర్ మేడం అప్పటికే కార్యదర్శిని పక్కకి లాగి అడుగుతోంది. "ఫోటోలు వద్దని రెండుసార్లు చెప్పానా లేదా?"

"ఇంత మంచి పని చేసేవాళ్ళ మొహాలు నలుగురికీ తెలియొద్దా మేడం? మొన్ననే ఊళ్ళో ఆఫీసులన్నిటికీ పంపించాం కూడా," అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

డ్రైవరక్క రెండో వరసలో కూర్చుంది. ఎవరెవరొచ్చారో చూద్దామని వెనక్కి తిరిగింది. ఏడో వరసలో చివరి కుర్చీలో కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్న మనిషి కనబడగానే ఆవిడ గబుక్కున ముందుకి తిరిగింది.

పదకొండు రోజుల కిందట ఇలాగే చూసింది అతన్ని. పిల్లల డాక్టరు దగ్గర, అద్దం తలుపు అవతల, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. లోపల అతని భార్య, ఆరేళ్ళ కూతురు. భార్య లెక్కల టీచరు. రెండు నెలలుగా బడికి తప్ప ఎక్కడికీ పోనివ్వడు, బడికీ తనే దింపుతాడు. ఆ రోజు పాప ఆయాసానికి మందు రాయించుకునే వంకతో వచ్చి, టీచరు డాక్టరు ముందు చేతులు జోడించి జాకెట్టు చేతులు పైకి మడిచి దెబ్బలు చూపించింది. డాక్టరు నర్సమ్మకి ఫోన్ చేసింది. నర్సమ్మ డ్రైవరక్కకి చేసింది. పావుగంటలో వ్యాను వెనక గుమ్మం దగ్గరుంది. మలుపు తిరుగుతుంటే అద్దంలో అతను రోడ్డు మధ్యకి పరుగెత్తుకొచ్చి నిలబడటం కనిపించింది. ఆ రోజు అతను బండి వెనక భాగం మాత్రమే చూశాడు. ఇప్పుడు అతని ఒళ్ళో మూడో పేజీ తెరిచి ఉంది.

ఆవిడ లేచి, మంచినీళ్ళకి వెళుతున్నట్టు వేదిక పక్క గదిలోకి వెళ్ళింది. మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"టీచరు మొగుడు వచ్చాడు. ఏడో వరస, చివర."

ముందుగా తేరుకున్నది లాయరమ్మ. "రేపు పదిన్నరకి జడ్జి ముందుకి వెళుతున్నాం. ఆమె దగ్గరికి అతను రాకూడదని ఆర్డరు వస్తుంది. అప్పటిదాకా వాడికి ఇల్లు తెలియకూడదు. తెలిస్తే ఈ ఒక్క పూటలో ఏదైనా చేస్తాడు. ఆఖరి పూటే ప్రమాదం, నేను ఎన్ని కేసుల్లో చూడలేదు!"

"ఇంట్లో ఎవరున్నారిప్పుడు?" అంది డ్రైవరక్క.

"వంటామె ఒక్కతే," అంది మేడం. "తొమ్మిది మంది ఆడవాళ్ళు, పధ్నాలుగు మంది పిల్లలు."

లాయరమ్మ గుమ్మం దగ్గరి కానిస్టేబుల్ని పిలిపించింది. అతను కుర్రవాడేం కాదు, మీసాలు నెరిసినవాడు. అంతా విని తల గోక్కున్నాడు. "కుర్చీలో కూర్చున్న మనిషిని ఏమని లేపనమ్మా? ఏం చేశాడని?"

"ఏం చేయొద్దు. టైము వేసి, అతని గుర్తులు మీ డైరీలో రాసుకోండి. చాలు," అంది లాయరమ్మ. అతను రాసుకున్నాడు.

ప్రసంగాల మధ్యలో టీ విరామం ఇచ్చారు. డ్రైవరక్క కప్పు అందుకుంటుంటే పక్కన మెత్తటి గొంతు వినిపించింది.

"నమస్తే అక్కా. మీ గురించి చదివాను. చాలా గొప్ప పని."

ఆవిడ తలెత్తింది. దగ్గర నుంచి చూస్తే మంచి మొహం. బ్యాంకులో పక్క వరసలో నిలబడితే కబుర్లు చెప్పాలనిపించే మొహం.

"బండి నడపడం గొప్పేముంది బాబూ."

"మా పాపకి ఆయాసం అక్కా." జేబులోంచి నీలం రంగు ఇన్‌హేలరు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇది ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళారు. పదకొండు రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు. నేను ఎవర్నీ ఏమీ అడగను. ఇది పాపకి చేరితే చాలు. తండ్రిని కదా."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళో నిజం నీళ్ళో ఆవిడకి తెలియలేదు. పాపకి నర్సమ్మ ఆ రోజు సాయంత్రమే కొత్తది ఇచ్చింది, పాప దాన్ని మెడలో దారం కట్టి వేసుకుని తిరుగుతోంది. ఆ సంగతి చెప్పినా, చేయి చాపి ఇది పుచ్చుకున్నా ఒకటే. ఆ పాప ఎక్కడుందో తనకి తెలుసని ఒప్పుకున్నట్టే.

"ఏ పాప బాబూ?" అంది.

"మీకు తెలుసు."

"నా బండి ఎక్కేవాళ్ళని నేను పేర్లు అడగను. నువ్వెవరో, నీ పాపెవరో నాకెలా తెలుస్తుంది? అది ఎవరిదైనా ఆ కానిస్టేబులుకివ్వు. దొరికిన వస్తువులు ఆయనే చూస్తున్నాడు."

అతను ఇన్‌హేలరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "బజారు వీధిలో దుకాణం కదూ మీ వారిది? చెక్క తలుపులు. నిన్న చూశాను. పాత కట్టడాలు, ఎంత జాగ్రత్తగా ఉన్నా నిప్పురవ్వ చాలు పాపం."

ఆవిడ చేతిలో కప్పు ఇంకా నిండుగానే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసి, "కార్యక్రమం మొదలవుతోంది," అని వచ్చేసింది. ఆ మాటలు పొల్లు పోకుండా లాయరమ్మ చెవిన వేసింది. లాయరమ్మ కానిస్టేబులు చేత అవీ రాయించింది.

వేదిక మీద జ్ఞాపిక ఇచ్చారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు ముందుకి తోశారు. చప్పట్లలో అన్నిటికన్నా గట్టిగా వినిపిస్తున్నవి దర్జీ చప్పట్లే. ఆయనకింకా ఏమీ తెలియదు.

"నేను చేసేది బండి నడపడం," అంది డ్రైవరక్క. "ఎక్కడం కష్టం. ఆ మెట్టు అడుగు ఎత్తు కూడా ఉండదు. దాని మీద కాలు పెట్టడానికి కొందరికి పదేళ్ళు పట్టింది. మీ చప్పట్లు వాళ్ళకి కొట్టండి. ఇంకో మాట. మళ్ళీ ఏడు ఎవరికి సన్మానం చేసినా ఫోటోలు వేయకండి. మమ్మల్ని గుర్తుపట్టేవాళ్ళందరూ మీలాంటివాళ్ళు కారు."

కార్యదర్శి మొహం కందగడ్డలా అయింది. ఏడో వరసలో అతను మాత్రం మెల్లగా చప్పట్లు కొట్టాడు.

తర్వాత పక్క గదిలో అయిదు నిమిషాల్లో అంతా తేల్చుకున్నారు. మేడం, నర్సమ్మ ఇంటికి చేరాలి. అతను కాచుకుని ఉన్నది వ్యాను కోసం. కాబట్టి వ్యాను ఇంకెటో పోవాలి.

"ధైర్యసాహసాలు వద్దు," అంది లాయరమ్మ వేలు చూపిస్తూ. "తలుపులు తాళం వేసుకో. దిగకు. జనం ఉన్న దారుల్లోనే తిప్పు. వీళ్ళు చేరాక నేరుగా స్టేషనుకి పో. నేను అక్కడే ఉంటాను."

వంటగది గుమ్మం అవతల అద్దె కుర్చీలు తీసుకుపోయే లారీ ఉంది. మేడం, నర్సమ్మ జ్ఞాపికలు చంకన పెట్టుకుని కుర్చీల దొంతరల మధ్య కూర్చుని వెళ్ళిపోయారు.

దర్జీకి సంగతి చెప్పి ఇంటికి పొమ్మంది ఆవిడ. బల్లిని చూస్తే మంచం ఎక్కే మనిషి ఆయన. అలాంటివాడు వెళ్ళి వ్యాను ముందు సీట్లో కూర్చున్నాడు.

"దిగండి."

"కోటు వేసుకుని సిటీ బస్సెక్కమంటావా? పోనివ్వు," అన్నాడు.

అయిదు అవుతుండగా బయల్దేరారు. రెండో మలుపులోనే అద్దంలో నల్ల కారు కనిపించింది. డ్రైవరక్క ఆలోచించకుండానే చేతులు పాత దారి పట్టాయి. ఇరవై రెండేళ్ళు పిల్లల్ని దింపిన దారి. ఎక్కడ ఎన్ని గుంతలున్నాయో, ఏ మూల ఏ వేళకి ఎంతమంది ఉంటారో ఆవిడకి కంఠతా వచ్చు. పార్కు ముందు ఆగింది. నల్ల కారు ఆగింది. మందుల దుకాణం ముందు ఆగింది. అదీ ఆగింది. ఆసుపత్రి, తపాలా ఆఫీసు, కూరగాయల మార్కెట్టు. ఎక్కడ ఆగితే అక్కడ, ఇరవై అడుగుల దూరంలో. హారను కొట్టడు, దగ్గరికి రాడు. ఆ ఓపికే ఆవిడని భయపెట్టింది. ఆ టీచరు ఇలాంటి ఓపికతో తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఎలా ఉందో అనుకుంది.

దర్జీ రెండు చేతుల్తో ఫోను పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. అయిదూ ఇరవైకి అది మోగింది.

"ఏమని?"

"'చేరాం' అని. అంతే ఉంది."

ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇక స్టేషనుకి పోవడమే. అటు పోవాలంటే గోదాముల సందు దాటాలి. రెండు నిమిషాల దారే, కానీ ఆ రెండు నిమిషాలూ ఒక్క మనిషి ఉండడు. సందు దాటితే నూలు మిల్లు. అయిదున్నరకి షిఫ్టు మారుతుంది.

సందులోకి తిరగగానే నల్ల కారు వేగం పెంచింది. వ్యానుని రాసుకుంటూ ముందుకి దూసుకుపోయి, అడ్డంగా తిరిగి ఆగింది. అటు గోడ, ఇటు గోడ. అతను దిగాడు. చేతిలో చక్రాలు విప్పే ఇనప రాడ్డు. కళ్ళజోడు లేదు. ఇందాకటి మొహం కాదది.

"వెనక్కి... వెనక్కే..." అన్నాడు దర్జీ.

ఆవిడ అప్పటికే గేరు మార్చింది. నలభై మంది పిల్లలున్న బస్సుని వానలో, ఇంతకన్నా ఇరుకు సందుల్లో వెనక్కి నడిపిన చేతులవి. అద్దం మీద చూపు పెట్టి, సందు పొడవునా ఒక్క గోడకీ తగలకుండా వెనక్కి తీసింది. సందు మొదట్లో స్టీరింగు తిప్పి పెద్ద రోడ్డెక్కింది. మిల్లుకి ఇటువైపు నుంచీ దారుంది, కాస్త చుట్టు. అద్దంలో అతను కారులోకి ఉరకడం కనిపించింది.

మిల్లు గేటు ముందుకి వచ్చేసరికి ఇంకా తెరవలేదు. రోడ్డంతా ఖాళీ. వాచీ చూసింది. రెండు నిమిషాలు తక్కువ. వ్యాను సరిగ్గా గేటుకి ఎదురుగా ఆపి, హారను మీద అరచేయి పెట్టి అలాగే ఉంచేసింది.

నల్ల కారు వెనక నుంచి ఆనుకుని ఆగింది. అతను వచ్చి ఆవిడ వైపు అద్దం ముందు నిలబడ్డాడు.

"ఎక్కడ దాచావే నా పెళ్ళాన్ని? చెప్పు!"

"చెప్పను," అంది ఆవిడ. లోపలి మాట అతనికి వినబడి ఉండదు, కానీ పెదవులు కనబడ్డాయి. రాడ్డు లేచింది. మొదటి దెబ్బకి అద్దం సాలెగూడులా బీటలు వారింది. రెండో దెబ్బకి గాజు ముక్కలు లోపలికి రాలాయి. ఆ రెండు దెబ్బల మధ్య దర్జీ ఎప్పుడు కదిలాడో ఆవిడకి తెలియదు. ఆమె మీదుగా వంగి, చేయి అడ్డం పెట్టి ఉన్నాడు. కొత్త కోటు చేయి మోచేతి దాకా చీరుకుపోయింది, రక్తం కారుతోంది. ఆవిడ చేయి మాత్రం హారను మీద నుంచి లేవలేదు.

అప్పుడు మిల్లు కూత కూసింది. గేటు తెరుచుకుంది.

నూటయాభై మందో, రెండొందల మందో, అంతా ఆడవాళ్ళే. జుట్టు మీద దూదిపింజలతో, చేతుల్లో టిఫిను డబ్బాలతో బయటికొస్తూ ముందు వరస వాళ్ళు టక్కున ఆగారు.

"మన పిల్లల బస్సు డ్రైవరక్క కదే!" అని ఒకామె కేక వేసింది.

ఎవరూ అతని మీద చేయి వేయలేదు. వ్యాను చుట్టూ, కారు చుట్టూ, అతని చుట్టూ నిలబడ్డారు, సందు లేకుండా. ఒకామె కారులో చేయి పెట్టి తాళం తీసుకుంది. అతను రాడ్డు పైకెత్తి చుట్టూ చూశాడు. ఎటు చూసినా కళ్ళే. మెల్లగా ఆ చేయి కిందికి దిగింది.

ఇంకొకామె స్టేషనుకి ఫోన్ చేసింది, పోలీసులు పది నిమిషాల్లో వచ్చారు. వాళ్ళని చూడగానే అతని గొంతు మళ్ళీ మెత్తబడింది. "చిన్న అపార్థం సార్. నేను గౌరవంగా బతికేవాణ్ణి."

"అలాగే," అన్నాడు ఆ నెరిసిన మీసాల కానిస్టేబులు. హాలు నుంచి లాయరమ్మతో పాటు తిన్నగా స్టేషనుకొచ్చిన అతనే ఇప్పుడు జీపులోంచి దిగాడు. "ఆ రాడ్డు ఇటివ్వండి గౌరవంగా."

దర్జీ చేతికి ఏడు కుట్లు పడ్డాయి. వేసింది ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన నర్సమ్మే. "కుట్లు సమంగా పడటం లేదమ్మా," అని ఆయన వంక పెడుతుంటే, "మీ కత్తెర నేను పట్టుకున్నానా ఎప్పుడైనా?" అని గదిమింది.

మర్నాడు పదిన్నరకి జడ్జి కానిస్టేబులు డైరీ చదివాడు. దుకాణానికి నిప్పురవ్వ చాలన్న చోట ఆగి, రెండోసారి చదివాడు. అతను భార్యకీ కూతురికీ, వాళ్ళుండే చోటికీ, బడికీ దరిదాపుల్లోకి రాకూడదని ఆర్డరు ఇచ్చాడు. రాడ్డు కేసు వేరే నడుస్తుంది. అన్నీ ఇవాళే తేలిపోవనీ, బెయిలు మీద బయటికొస్తాడనీ, మళ్ళీ కోర్టులో కలుసుకోవాల్సి వస్తుందనీ లాయరమ్మ టీచరుకి దాచకుండా చెప్పింది. టీచరు విని, తల ఊపి, ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

పాపతో వ్యాను దగ్గరికి వచ్చాక, "నన్ను ముందు కూర్చోనిస్తారా?" అని అడిగింది.

అద్దం స్థానంలో అతికించిన ప్లాస్టిక్కు కాగితం గాలికి పటపటమంటోంది. దాన్ని చూస్తూ, "భయం వేయలేదా అక్కా నిన్న?" అంది.

"వేయకేం. పై ప్రాణాలు పైనే పోయాయి. భయపడుతూనే నడిపాను. మరి నువ్వో? జాకెట్టు చేయి మడిచి చూపించిన రోజు?"

టీచరు సంచిలో కాగితం తడిమి చూసుకుంది. "ఇవాళ మధ్యాహ్నం పీరియడు నాదే," అంది. "పన్నెండు రోజులుగా భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటారు పిల్లలు."

ఇద్దర్నీ బడి గేటు దగ్గర దింపింది. తల్లీ కూతుళ్ళు చేయీ చేయీ పట్టుకుని లోపలికి వెళ్ళారు. పాప గెంతుతూ వెళ్ళింది. వాళ్ళు వరండా మలుపు తిరిగి కనుమరుగయ్యాక డ్రైవరక్క తాళం తిప్పబోయింది. వేళ్ళకి పట్టు దొరకలేదు. చేతులు రెండూ గజగజ వణుకుతున్నాయి. సందులో వణకలేదు, గేటు ముందు వణకలేదు, ఇప్పుడు ఆపుదామన్నా ఆగడం లేదు.

కాపలాదారు వచ్చి బండి మీద తట్టాడు. "ఇక్కడ ఆపకూడదమ్మా. బడి గేటు."

"తెలుసు నాయనా. ఇరవై రెండేళ్ళు అందరికీ నేనే చెప్పాను ఆ మాట. ఒక్క రెండు నిమిషాలు."

అతను ఆవిడ మొహం చూశాడు, చేతులు చూశాడు, అద్దం లేని కిటికీ చూశాడు. వెళ్ళి తన స్టూలు తెచ్చుకుని వ్యాను వెనక వేసుకుని కూర్చున్నాడు, వచ్చే బళ్ళని పక్క నుంచి పొమ్మని చేయి ఊపుతూ.